ఐదూ నలభైకి పాడే పిట్ట

"చెప్పేవోడి పెరట్లోనే నీళ్ళు నిలబడితే వినేవోడు నవ్వడేటి?" అన్నాడు అమృతరావు, నోట్లో బ్రష్షు అలాగే ఉంచుకుని. ఆ మాట అనడం ఆ వారంలో అది నాలుగోసారి.

"నవ్వేవోడు నవ్వుతాడు. రోజూ మార్చే నీళ్ళలో దోమెలా పుడతాదండీ? గుడ్డు పురుగై, పురుక్కి రెక్కలొచ్చి ఎగరడానికి వారం పడతాదని మీరే కదా ఊరూరా మైకులో చెప్తారు," అంది ఇందుమతి.

"అది ఊరికి చెప్పేది."

"మరి ఇంటికేటి?"

"ఇంటికిదీ," అని ఆయన మట్టిమూకుడు ఎత్తి, అందులో నీళ్ళు కరివేపాకు మొదట్లో పారబోసి, మూకుడు బోర్లించి దాని వీపు మీద రెండుసార్లు తట్టాడు. బొయిపరిగుడ బ్లాకులో ముప్పయ్యేళ్ళుగా మలేరియా ఇన్‌స్పెక్టరుగా తిరుగుతూ ఊళ్ళవాళ్ళ కుండలూ టైర్లూ కొబ్బరిచిప్పలూ ఎలా బోర్లించి తడతాడో అలాగే.

లోపల మంచం మీంచి అత్తగారు రాజులమ్మ గొంతు వినిపించింది. "ఒరే, పిట్ట గుక్కెడు నీళ్ళు తాగితే నీకేటి నొప్పిరా? ముప్పయ్యేళ్ళు ఊరోళ్ళ కుండలు బోర్లించేవు, ఒక్క దోమైనా నీకు బయపడిందేటి?"

"నువ్వూరుకోయే అమ్మా."

"నానూరుకుంతాను గానీ, ఆదోరం పూట పొద్దున్నే ఏటిరా మీ రగడ!"

ఆయన నవ్వాపుకుంటూ నోరు పుక్కిలించి లోపలికి వెళ్ళిపోయాడు. ఇందుమతి మూకుణ్ణి మళ్ళీ వెల్లకిలా తిప్పి రెండు వేళ్ళ లోతున నీళ్ళు పోసింది, అంతకంటే లోతైతే చిన్నపిట్టలు దిగవని కూతురు మనీషా ఎక్కడో చదివి చెప్పింది, మధ్యలో కాలూనుకోవడానికి ఒక పలకరాయి పెట్టింది, జామచెట్టు కొమ్మకి నిలువునా కోసిన బొప్పాయి ముక్క గుచ్చింది, గోడ మీద మనీషా ఫోను నిలబెట్టింది. చుట్టుపక్కల ఏ పిట్ట కూసినా విని దాని పేరు తెర మీద వేసే యాప్ ఏదో అందులో ఉంది. అంతా అయ్యాక వెనక మెట్టు మీద కొంగు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఐదూ ఇరవై. ఆరున్నరకల్లా ప్రార్థనకి లోపలికి వెళ్ళాలి. ఈ గంటలో రోజూ వినబడే ఆ పిట్ట కనబడాలి. కనబడితే తన చెవులు బాగున్నట్టు. కనబడకపోతే రేపు సోమవారం పసిపిల్లల వార్డులోకి నర్సుగా ఏ ముఖం పెట్టుకుని వెళ్తుందో ఆమెకే తెలీదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. వాళ్ళకి తెలిసిందల్లా యాభై రెండో ఏట ఇందుమతికి పిట్టల పిచ్చి పట్టిందని.

మార్చి నెల చివరయినా ఒడిశా కొండల్లోని జయపురంలో తెల్లవారుజామున ఇంకా కాస్త మంచు దిగుతూనే ఉంది, గోడ అవతల ఇళ్ళు సగం తడిసిన బొమ్మల్లా ఉన్నాయి, రోడ్డు చివర ఉప్పుడు బియ్యం మిల్లులోంచి ఉడికిన వడ్ల వాసన వచ్చి జామాకుల వాసనతో కలిసిపోతోంది, మిల్లు మోటారు రాత్రంతా తిరిగి తిరిగి ఇప్పుడు గొంతు అరిగిన ముసలివాడిలా గురక పెడుతోంది. ఆమె ఒళ్ళో చిన్న పుస్తకం, ఆసుపత్రిలో అబ్జర్వేషన్ చార్టు ఎలా గీస్తారో అలాగే గళ్ళు గీసి ఉంది: తేదీ, సమయం, ఎంతసేపు, ఎక్కడ్నుంచి, కనబడిందా. చివరి గడిలో మూడు నెలలుగా ఒకటే మాట. లేదు. లేదు. లేదు. జనవరిలో ఒక ఉదయం డ్యూటీకి వెళ్ళే ముందు ఈ మెట్టు మీదే నిలబడి టీ తాగుతుంటే వినిపించింది మొదటిసారి, సన్నగా, వెండితీగ ఒకటి చీకట్లో మెల్లగా లాగుతున్నట్టు, తెగకుండా, పైకి వెళ్ళి అక్కడే వణుకుతూ నిలబడిపోయిన పాట. ఎంత బాగుందో. టీ చల్లారిపోయింది. అప్పుడు గోడ గడియారం చూసింది, ఐదూ నలభై. మర్నాడూ అదే వేళకి. ఆ మర్నాడూ. ఏ పిట్టయినా ఇంత నిక్కచ్చిగా వేళ పాటిస్తుందా అని మురిసిపోయింది గానీ, ఎందుకు పాటిస్తోందని అడగలేదు, ఇప్పుడు తల్చుకుంటే అదే చిత్రంగా ఉంది, రోగి చార్టయితే అదే కదా మొదట అడిగేది.

ఎవర్ని అడిగినా ఒక్కో పేరు చెప్పారు. రాజులమ్మ "ఆకులు కుట్టి గూడెట్టుకుంటాది సూడు, జిట్ట, అదే అయ్యుంటాది" అంది. కొండ ఊరి నుంచి వచ్చి కూరలమ్మే దేశియా ముసలామె బుట్ట దించి చెవి రిక్కించి చాలాసేపు విని, ఏమీ లేదన్నట్టు చెయ్యి తిప్పి, వంకాయలు కావాలా అంది. అమృతరావు ఒకరోజు పక్కన నిలబడి "ఎక్కడే?" అన్నాడు, "అదిగో, వినబళ్ళేదేటి?" అంటే తల అటూ ఇటూ తిప్పి "నాకు నీ మాట తప్ప ఏటీ వినబళ్ళేదు" అన్నాడు. ఆయనకి చెవులు మందగిస్తున్నాయి పాపం అనుకుంది. అవును, ఆయన చెవులే అనుకుంది. మనీషా ఫోను కూడా ఆ పిట్ట పేరు ఒక్కసారీ వెయ్యలేదు, పిగిలిపిట్ట పేరు వేసింది, గోరింక పేరు వేసింది, దూరంగా ఎక్కడో పొదలో జెముడుకాకి మూలిగితే దాని పేరూ వేసింది, పక్కింటి వాళ్ళ కోడికి మాత్రం ఏ పేరూ వెయ్యకుండా మర్యాదగా ఊరుకుంది. ఈ పాటకి తెర ఖాళీ. ఫోనుకి వినడం రాదు, అంతే, అనుకుంది. ఇక పిట్టని పిలవడం మొదలుపెట్టింది. నూకలు చల్లితే పిచ్చుకలు వచ్చాయి. జామకాయ కోసి పెడితే ఉడత వచ్చింది. మందారం తొట్టి దగ్గరికి జరిపితే తేనెపిట్ట మగది వచ్చింది, ఎండలో నీలంగా నెమలికంఠంలా మెరుస్తూ పువ్వులో ముక్కు పెట్టి వెళ్ళిపోయింది, దాని పాట అది పాడింది, ఇది కాదు. వచ్చిన ప్రతి పిట్టనీ చూసి, విని, కాదని కొట్టేసింది. ఒక్కొక్కటీ కాదని తేలుతుంటే మిగిలినదేదో అదే అయ్యుండాలి కదా, జ్వరం ఏదో తేల్చడానికి డాక్టర్లు చేసేదీ అదే. చివరికి నీళ్ళు మిగిలాయి. నీళ్ళకి రాని పిట్ట ఉండదట. బొయిపరిగుడ సంతలో తన మూకుణ్ణి తనే ఎంచుకుంది, పగులుందేమోనని వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని.

తట్టి చూడడం నాన్న నేర్పిన పని. నాన్న గున్నయ్య రాయగడ స్టేషన్లో రైలు ఆగగానే పొడుగు కర్ర సుత్తి భుజాన వేసుకుని పెట్టె పెట్టెకీ చక్రం చక్రానికీ తట్టుకుంటూ వెళ్ళేవాడు, బాగున్న చక్రం గుడి గంటలా, కాదు కాదు చర్చి గంటలా అనేవాడు నాన్న నవ్వుతూ, పగులు పడిన చక్రం అన్నం కుండలా పలుకుతుంది, అంతే తేడా, ఆ తేడా మీద వెయ్యి మంది ప్రాణాలు కొండ దిగుతాయి అమ్మీ, ఒకదాని వెనక ఒకటి అన్ని సొరంగాలు దాటి. ఇంట్లో కూడా దేన్నీ తట్టకుండా వదిలేవాడు కాదు, గ్లాసు, బిందె, పుచ్చకాయ, పరీక్షకి వెళ్ళే పిల్లల నెత్తి. ఆమె నర్సింగు రెండో ఏడులో ఉండగా చెవుల పరీక్ష తప్పాడు. రైల్వే డాక్టరు వెనక నిలబడి గుసగుసగా అన్న అంకెలు నాన్న తిరిగి చెప్పలేకపోయాడట. ఉద్యోగం పోలేదు, వెయిటింగ్ రూములో కూర్చోబెట్టారు, కుర్చీలు తుడుచుకుంటూ, తలుపు తీసుకుంటూ. సెలవులకి వస్తూ రైలు దిగి చూస్తే గాజు తలుపు వెనక నాన్న, మడత నలగని ఖాకీ చొక్కాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తొడల మీద పెట్టుకుని. బయట రైలు చక్రాలు ఇంకెవరో తడుతుంటే నాన్న ముఖం అటు తిరిగి ఉండేది, వింటున్నట్టే, వినబడకపోయినా. ఆ తర్వాత ఇంట్లో గ్లాసు కూడా తట్టలేదు. అమ్మ పుచ్చకాయ ముందు పెట్టి చూడండి అంటే నువ్వే చూడు అనేవాడు. ఆ చేతులు. తొడల మీద ఆ చేతులు ఆమెకి కల్లోకి వచ్చాయి శుక్రవారం రాత్రి, అవి తన చేతులే, యూనిఫాం మీద పెట్టుకుని ఉన్నాయి.

గురువారం. వద్దనుకున్నా మనసు అక్కడికే. మధ్యాహ్నం మూడున్నర, పసిపిల్లల వార్డులో కిటికీ తెరలు వేసి ఉన్నాయి, దీపాల వెచ్చటి పసుపు రంగులో ఐదుగురు పిల్లలు, చివరి బల్ల మీద బొయిపరిగుడ దాటాక కొండ మీది ఊరి నుంచి వచ్చిన తల్లి బిడ్డ, నెల తక్కువగా పుట్టింది, పదమూడు వందల గ్రాములు, దాని పాదానికి ఎర్రగా వెలిగే చిన్న పట్టీ, పట్టీ నుంచి తీగ, తీగ చివర మానిటరు. తల్లి తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంది, చెవుల నిండా రింగులు, దిదీ అని పిలిచి నవ్వే పిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయో ఉండవో. ఇందుమతి ఇటు తిరిగి రిజిస్టరులో మందుల వేళలు రాస్తోంది. ఎంత ప్రశాంతంగా ఉందో ఆ గది, ఎక్కడో సన్నగా తన పిట్ట పాడుతున్నట్టు కూడా ఉంది, ఇంత దూరం నా వెనకే వచ్చావా అనుకుంది, నవ్వుకుంది కూడా. అప్పుడు వరండాలోంచి చిన్న సిస్టరు యూనిస్ పరుగెత్తుకొచ్చింది. తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, మునిగుడ పిల్ల, పరుగెత్తడం చూసి ఏమిటే అనబోయేలోగా ఆ పిల్ల తనని దాటుకుని చివరి బల్ల దగ్గరికి వెళ్ళి బిడ్డ అరికాలు వేలితో చిటికె వేసినట్టు కొట్టింది, ఒకసారి, రెండుసార్లు, వీపు రుద్దింది, నెలతక్కువ పిల్లలు ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు, ఎవరో ఒకరు గుర్తు చెయ్యాలి, గుర్తు చెయ్యడానికే కదా ఆ అలారం, ఆ గది, ఆ సిస్టరు. బిడ్డ ముఖం బూడిద రంగు నుంచి మెల్లగా ఎర్రబడింది, ముడుచుకుని, ఏడ్చింది. ఏడుపు వినబడింది ఆమెకి. అది బాగానే వినబడింది.

"అక్కా, మోగతంది, వినబళ్ళేదా?" అంది యూనిస్.

"తీగ ఊడిందనుకున్నానే," అంది ఇందుమతి.

యూనిస్ బిడ్డ పాదం కేసి చూసింది. "ఊడలేదక్కా," అంది. అంతే అంది. ఎవరికీ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పదు, టీ తెచ్చి ఇచ్చింది, అదే ఎక్కువ బాధ. తల్లి బెంచీ మీంచి లేచి నిలబడి ఏం జరిగిందో తెలీక ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, చివరికి పెద్ద సిస్టరు ముఖం చూసి ధైర్యం తెచ్చుకుని కూర్చుంది. తన ముఖం చూసి.

కాదు, పిట్ట ఉంది. పిట్ట ఉంటే చాలు. అంత సన్నని పాట, ఇంట్లో ఎవరికీ వినబడనిది, ఫోనుకి వినబడనిది, తనకి వినబడుతోందంటే చెవులు అందరికంటే బాగున్నట్టే కదా, ఆ రోజు ఆలోచనలో ఉంది, మనిషన్నాక ఆలోచనలో ఉంటుంది, ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క నిమిషం. ఒక్క నిమిషం కూడా కాదు. ఎంతసేపు మోగిందో తెలీదు. తెలీకపోవడమే. అమృతరావు ఈ మధ్య నోట్లో మాట్లాడతాడు, మాట బయటికి రాదు. మనీషా అటు తిరిగి మాట్లాడుతుంది, ఈ కాలం పిల్లలకి ఎదురుగా నిలబడి మాట్లాడడం తెలీదు. కరోనా రోజుల్లో ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకున్నప్పటి నుంచీ వార్డులో అందరూ గొణగడం అలవాటు చేసుకున్నారు. ఇన్నాళ్ళూ ఇలాగే అనుకుంది. లోకమంతా కొంచెం కొంచెంగా గొంతు తగ్గించుకుంటోందని. మంచిదే, అరుపులు తగ్గాయి అని కూడా అనుకుంది ఒకసారి, చర్చిలో ఆడపిల్లల పైస్థాయి గొంతు ఈ ఏడు బాగా మెత్తబడిందని మెచ్చుకుంది, మనీషా వింతగా చూసింది.

ఐదూ ముప్ఫై ఎనిమిది. తూర్పున మంచు పల్చబడి గులాబిరంగు పూసినట్టవుతోంది. పిచ్చుక ఒకటి వచ్చింది, నూకలు లేవని తిట్టి పోయింది. పిగిలిపిట్టలు జంటగా వచ్చి బొప్పాయి మీద వాలాయి, తలమీద జుట్టు ముడేసుకుని తోక కింద ఎర్రగుడ్డ తగిలించుకుని సంతకి బయల్దేరిన వాళ్ళలా, అవి మాట్లాడుకునేది ఇంచుమించు మాటలే, ఆమెకి వినబడింది, ఫోను తెర మీద పేరు వెలిగింది, చూశావా, వినబడుతోంది, ఎవరితో అంటోందో. మంచులో ఆ జంట రంగులు కరిగి మళ్ళీ గట్టిపడి, ఆమె కళ్ళు బరువెక్కాయి, బొయిపరిగుడలో పాత క్వార్టరు, పెళ్ళయిన మొదటి ఏడు, ఇలాంటి మంచే కిటికీ దాకా వచ్చి నిలబడింది, దుప్పట్లు నాలుగు కప్పినా వణుకు ఆగదు, ఆయనే ఆమె రక్తం చుక్క స్లైడు మీద తీసుకుని వెళ్ళి చూపించుకొచ్చాడు, ముఖం తెల్లబడిపోయి. క్వినైన్ సీసా చుక్క చుక్కగా దిగుతోంది, నోరంతా చేదు, గాలి కూడా చేదు, చెవుల్లో వెయ్యి కీచురాళ్ళు ఒక్కసారిగా లేచాయి, ఆయన మంచం పక్కన కూర్చుని కీర్తన చదువుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాటా లేదు, ఎంత అందంగా ఉన్నాయో ఆ పెదవులు, కొత్త పెళ్ళికొడుకు పెదవులు, మాట లేకుండా తనకోసం కదులుతూ. నాలుగు రోజులకి జ్వరం పోయింది. కీచురాళ్ళు పోయాయి. పోయాయనే అనుకుంది. తర్వాత మరో రెండుసార్లు జ్వరం వచ్చింది, మరో రెండుసార్లు క్వినైన్. వెయ్యిలో ఒకటి పోకుండా అక్కడే ఎక్కడో ముడుచుకుని, పాతికేళ్ళు నిద్రపోయి...

మిల్లు మోటారు ఆగింది.

రోజూ ఆగుతుంది, రాత్రి షిఫ్టు దిగే వేళకి. రోజూ ఆగుతుందని ఆమెకి తెలుసు, తెలిసిన సంగతులు ఎన్ని ఉంటాయి, ఏది దేని పక్కన పెట్టాలో తెలీనంతకాలం. ఊరి మీంచి గొంగడి తీసేసినట్టు ఒక్కసారిగా నిశ్శబ్దం దిగింది, ఆ నిశ్శబ్దంలో వెండితీగ మెల్లగా మొదలై, పైకి లేచి, వణుకుతూ నిలబడింది. ఐదూ నలభై. ఫోను తెర ఖాళీ. ఇందుమతి గడియారం కేసి చూసింది, మిల్లు పొగగొట్టం కేసి చూసింది, జామచెట్టు కేసి చూసింది. నువ్వు నాకోసం మిల్లు ఆగేదాకా కాచుకున్నావా, లేక. పెన్సిలు చేతిలో అలాగే ఉండిపోయింది. వద్దు, ఇంకా టైముంది, ఆరున్నర దాకా ఉంది, నీళ్ళున్నాయి, బొప్పాయి ఉంది, రా అమ్మా, రా, ఒక్కసారి కనబడు, నిన్ను పట్టుకోను, పంజరం లేదు, పేరు రాసుకుని వదిలేస్తాను.

వచ్చింది.

ఎప్పుడు వచ్చిందో చూడలేదు, చూసేసరికి మూకుడు అంచు మీద ఉంది, పిచ్చుకలో సగం, లేత జామాకు మీద పసుపు చల్లినట్టు ఒళ్ళు, కంటి చుట్టూ ఎవరో సున్నంలో పుల్ల ముంచి గీసినట్టు తెల్లటి వలయం. ఇంత శుభ్రంగా, ఇంత జాగ్రత్తగా గీసిన కన్ను ఆమె ఇంతవరకూ ఏ పిట్టకీ చూడలేదు. నీళ్ళలోకి తొంగి చూసుకుంది. పలకరాయి మీదికి దిగింది. రెక్కలు విదిలించి నీళ్ళు చిమ్మింది, ఆ తుంపర్లలోకి అప్పుడే వచ్చిన ఎండ దూరి ఒక్క క్షణం చిన్న ఇంద్రధనుస్సు, ఇదే, ఇదే, ఇంత సన్నటి పాట ఇంత చిన్న గొంతులోంచి కాక ఎక్కడ్నుంచి వస్తుంది, దేవా స్తోత్రం. పిట్ట ఎగిరి జామకొమ్మ మీద వాలి ఈకలు దులుపుకుని, తల ఎత్తి, నోరు తెరిచింది. గొంతు కింద ఈకలు వణికాయి. తోక వణికింది. ఒళ్ళంతా పాట అయిపోయినట్టు కదిలిపోతోంది, నోరు మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది.

వెండితీగ అలాగే ఉంది. పిట్ట నోరు తెరిచినప్పుడు పెరగలేదు, మూసినప్పుడు తగ్గలేదు. తెగలేదు.

ఫోను తెర మీద కొత్త పేరు వెలిగింది, ఓరియంటల్ వైట్ ఐ. పిట్ట నోరు మూస్తే పేరు ఆరింది. తెరిస్తే వెలిగింది. ఆరింది, వెలిగింది, అచ్చం మానిటరు మీద దీపంలా, ఆమె రెండింటినీ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది, కొమ్మ మీద కదిలే ఆ చిన్న గొంతునీ, గోడ మీద వెలిగే ఆ పేరునీ. మధ్యలో ఉండాల్సినది లేదు. మంచులో వెయిటింగ్ రూము గాజు తలుపు ఒకటి తనకీ జామచెట్టుకీ మధ్య నిశ్శబ్దంగా మూసుకున్నట్టుంది. అవతల పిట్ట. ఇవతల తను.

"అబ్బ, అమ్మా, ఎంత బాగా పాడుతోందే!" మనీషా, చెదిరిన జుట్టుతో, వెనక ఎప్పుడొచ్చి నిలబడిందో. "ఇదేనా నీ పిట్ట? ఇదే కదా? దొరికిందిరోయ్!"

ఇందుమతి కూతురి వైపు తిరిగింది, ఎదురుగా, పెదవులు కనబడేలా. "ఎలా పాడింది? నువ్వు పాడి చూపించు," అంది.

"నేనా? నాకొస్తుందా!" అని నవ్వి మనీషా పెదవులు గుండ్రంగా పెట్టి ఈల వేసింది, పైకీ కిందికీ తుళ్ళుతూ, ఆగి ఆగి, పిల్లలు వాగులో రాయి మీంచి రాయి మీదికి గెంతినట్టు. "ఇలాగ. ఇంకా సన్నగా. నువ్వు చెప్పినట్టు తీగలా సాగట్లేదే మరి. సాగడం లేదు కదా?"

"లేదు," అంది ఇందుమతి.

పిట్ట ఎగిరిపోయింది. కొమ్మ కాసేపు ఊగి ఆగింది. మనీషా పళ్ళు తోముకోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఇందుమతి రెండు చూపుడు వేళ్ళతో రెండు చెవులూ గట్టిగా మూసుకుంది, కుళాయి చప్పుడు పోయింది, ఊరు పోయింది, పాట ఇంకా దగ్గరికి వచ్చింది, ఇంకా స్పష్టంగా, ఎవరో లోపలి గదిలోంచి ముందు గదిలోకి వచ్చినట్టు. ఔట్‌పేషెంట్లలో ఎంతమందికి చేయించింది ఈ పరీక్ష తను, చెవులు మూసుకో అమ్మా, ఇప్పుడు ఉందా, పెరిగిందా, అయితే బయటిది కాదు. పుస్తకం తెరిచింది. ఈసారి వేరే ఎవరి చార్టో అయినట్టు చదివింది. రాత్రి డ్యూటీ చేసిన మర్నాడు ఎక్కువసేపు. మోకాలి నొప్పి మాత్ర వేసుకున్న రోజున ఎక్కువసేపు. వాన పడిన రోజున లేదు. పండగ రోజు, ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు, లేదు. మిల్లు సమ్మె రోజు, రాత్రంతా. ఎక్కడ్నుంచి అన్న గడిలో జామచెట్టు, గోడ, కప్పు, వార్డు కిటికీ. మొదటి ఏడు నర్సింగు పిల్ల చదివినా రెండు నిమిషాల్లో చెప్పేది, మూడు నెలలు తనే రాసుకుంది, ఇంత చక్కటి అక్షరాల్తో. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. బాధ కంటే ముందు ఒక రకమైన బెంగ, ఇన్నాళ్ళూ తనకోసం పాడిన దాన్ని పిట్ట కాదని రాయాలంటే. చివరి గడిలో 'కనబడింది' అని రాసి, ఆగి, దాని పక్కన 'వినబడలేదు' అని రాసింది. ఆ రెండు మాటలూ పక్కపక్కన చూసుకుంది. పదమూడు వందల గ్రాములు. బూడిద రంగు. ఆ తల్లి తన ముఖం చూసి మళ్ళీ కూర్చోవడం. ఎవరికీ తెలీదు, యూనిస్ చెప్పదు, మానిటరు దగ్గరే కుర్చీ వేసుకుని దీపం కేసి చూస్తూ కూర్చుంటే రిటైరయ్యేదాకా ఇంకో ఎనిమిదేళ్ళు ఎలాగో. ఎలాగో. నెమ్మదిగా, ఎవరూ తొయ్యకుండానే, ఆ ఎలాగో అన్న మాట తనంతట తనే పక్కకి తప్పుకుంది.

"ఇందూ!" అన్నాడు అమృతరావు తలుపు దగ్గర్నుంచి. పిలవడం రెండోసారో మూడోసారో, ముఖం చూస్తే తెలుస్తోంది. "ఆరున్నరయింది. రా."

ముందు గదిలో చాప పరిచి ఉంది. రాజులమ్మ గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది, మనీషా ఆమె మోకాళ్ళ పక్కన, అమృతరావు కళ్ళజోడు తుడుచుకుని వాక్యం చదివి పుస్తకం మూశాడు. ఆదివారం ప్రార్థనకి ముందు ఎవరి అంశాలు వాళ్ళు చెప్పాలి, పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లో అదే పద్ధతి. "చెప్పండి, ఎవరికేటి కావాలో," అన్నాడు.

"నాకేటి కావాలిరా, మోకాళ్ళు. పాతవే, కొత్తవడగనేదు," అంది రాజులమ్మ.

"ప్రాక్టికల్స్," అంది మనీషా.

అందరూ ఇందుమతి కేసి చూశారు. ఎప్పుడూ వార్డులో పిల్లల కోసం అని ఆమె చెప్పేది, ఆయన చేతులు అప్పుడే జోడించుకుంటున్నాడు. ఇందుమతి చాప మీద ముందుకి జరిగి, ముగ్గురి ముఖాలూ కనబడేలా కూర్చుంది.

"రేపు పొద్దున్న మేట్రన్ గారికి కాయితం ఇస్తున్నాను," అంది. గొంతు పెంచలేదు. "పసిపిల్లల వార్డు నేనిక చూడను. నా చెవులు పనిచెయ్యట్లేదు. గురువారం ఒక బిడ్డ దగ్గర అలారం మోగింది, నాకు వినబళ్ళేదు. తీగ ఊడిందనుకున్నానని అబద్ధం చెప్పేను. బిడ్డ బాగానే ఉంది, యూనిస్ వినబట్టి. ఆ సంగతీ కాయితంలో రాసేస్తాను. తర్వాత విశాఖపట్నం వెళ్ళి చెవులు చూపించుకుంటాను, మిషను పెట్టుకోమంటే పెట్టుకుంటాను. వాళ్ళు ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటాను."

ఎవరైనా మాట్లాడారేమో అని ఆమె ముగ్గురి పెదవులూ చూసింది. లేదు, కదల్లేదు.

"ఇదీ నా అంశం," అంది ఇందుమతి. "ప్రార్థన చెయ్యండి. కొంచెం గట్టిగా చెయ్యండి."